ఒకే నంబరు, రెండు సీసాలు

మంగళవారం ఉదయం జోయల్ తాళం తీయడానికి వచ్చేసరికే రోశమ్మ ఉదయగిరి నీటి పరీక్షాకేంద్రం మెట్ల మీద కూర్చుని ఉంది. సీతారామపురం వైపు నుంచి వచ్చే మొదటి బస్సు పట్టుకొని వచ్చిందట. చేతిలో ఒక గుడ్డసంచీ తప్ప ఏమీ లేదు. వచ్చిన పనిని మాత్రం ఎవరూ అడగకముందే చెప్పింది.

“మా బోరింగు పిడి మాకియ్యండి. తీసుకొని పోతా.”

జోయల్ నవ్వాడు. “అది నీ సొంతమైతే ఇయ్యొచ్చు అవ్వా. ప్రభుత్వానిది గదా.”

“ఎవుర్రా నీకు అవ్వ? నా తల ఇంకా నెరవలా. ప్రభుత్వానిదైతే ప్రభుత్వమే వచ్చి తీసుకోవాల. మధ్యన మీరెవురు?”

ఈ మాటలు వింటూనే ఏంజెలిన్ వెనక నుంచి వచ్చింది. రోశమ్మను లోపలికి పిలిచి, కుర్చీ జరిపి, ఏ ఊరమ్మా అని అడిగింది. సీతారామపురం మండలంలో చింతలగుంట. చెరువు పక్కన ఇరవై ముప్పై ఇళ్ల పల్లె. చేపలు పట్టేవాళ్లు, కూలికి పోయేవాళ్లు. ఊరికి ఉన్నది ఒక్కటే చేతిపంపు. పోయిన శుక్రవారం కేంద్రం మనుషులు వచ్చి దాని పిడి విప్పుకొని పోయారు. అప్పటి నుంచి ఆడవాళ్లు వరదయ్య అనే రైతు చేని మోటారు దగ్గరికి నడుస్తున్నారు. మోటారు ఆడినప్పుడే నీళ్లు. ఆడినా, తొక్కిన ప్రతి మొక్కకూ ఆయన చేత ఒక మాట పడాలి.

“మా నీళ్లు మంచియే అమ్మణ్ణీ. మా మనవరాలు చిన్ని పళ్లు చూడు వచ్చి, మల్లెమొగ్గల్లా ఉండాయి,” అంది రోశమ్మ.

చిన్ని వయసెంతో ఏంజెలిన్ అడిగి తెలుసుకుంది. అవి పాలపళ్లు. ఫ్లోరైడు ఎక్కువైన నీళ్లు తెచ్చే జబ్బు ఆ పళ్ల మీద సాధారణంగా కనిపించదు. ఆ మాట అప్పుడు చెప్పలేదు.

కేంద్రం చేసే పని చిన్నదే కాని, దాని మీద ఆధారపడినవి పెద్దవి. ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపట్ల మండలాల్లోని చేతిపంపుల నీళ్లను సీసాల్లో తెప్పించి, వాటిలో ఫ్లోరైడు ఎంత ఉందో చూస్తారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ పంపు పిడి తీసేస్తారు. దాటకపోతే పంపు మెడకు ఆకుపచ్చ రంగు వేస్తారు. ఈ ఉప్పు నాలుకకు తెలియదు, కంటికి తెలియదు. ఏళ్ల తరబడి తాగితే పళ్లు పసుపెక్కి, కీళ్లు బిగుసుకొని, నడుములు వంగిపోయిన తర్వాతే తెలుస్తుంది. కాబట్టి ఊరివాళ్లకు కేంద్రం మాట మీద నమ్మకం తప్ప వేరే దారి లేదు. ఆ నమ్మకాన్ని మోసేది ఏంజెలిన్ కట్టిన నెట్‌వర్క్.

ఆమె పుట్టింది కేంద్రం ఉన్న ఈ ఉదయగిరి క్రైస్తవ మిషన్ కాంపౌండులోనే. తిరుపతిలో కంప్యూటర్ సైన్సు చదివి, మద్రాసులో కొన్నాళ్లు పనిచేసి, కిందటేడు, అంటే తొంభై ఏడులో, ఈ ఉద్యోగానికి తిరిగి వచ్చింది. అప్పటి వరకు ఫలితాలన్నీ ఉదయగిరిలో ఒకే కంప్యూటర్‌లో ఉండేవి. దాని డిస్కు పాడైపోయి ఒక వేసవి పని మొత్తం కొట్టుకుపోయింది. అలాంటిది మళ్లీ జరగకూడదనే ఆమెను పిలిపించారు. ఆమె రెండు సర్వర్లు కొనిపించి ఒకటి ఉదయగిరిలో, రెండోది ఆత్మకూరు శాఖలో పెట్టింది. రెండింటి డిస్కుల్లోనూ ఒకే సమాచారం ఉంటుంది. ఇక్కడ రాసింది అక్కడికీ, అక్కడ రాసింది ఇక్కడికీ చేరుతుంది. రెండింటికీ నెట్‌వర్క్‌లో చెరొక అడ్రసు ఉన్నా వాటిని సిబ్బందికి చెప్పలేదు. మూడో అడ్రసు ఒకటి ఏర్పరచి దానికి ‘ద్వారం’ అని పేరు పెట్టింది. ఏ ఊళ్లో ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లయినా ద్వారాన్నే అడగాలి. ఆ సమయానికి ద్వారం ఏ సర్వర్ చేతిలో ఉంటే అది జవాబు చెబుతుంది. మామూలుగా అది ఉదయగిరి చేతిలో ఉంటుంది. ఉదయగిరి పడిపోతే ఆత్మకూరు అందుకుంటుంది. కొత్త సీసాకు నంబరు ఇచ్చేది కూడా ద్వారమే.

ఉదయగిరి పడిపోయిందని ఆత్మకూరుకు తెలిసే మార్గం ఒక్కటే. టెలిఫోన్ శాఖ దగ్గర అద్దెకు తీసుకున్న లైను మీద, రెండు చివరలా ఉన్న మోడెముల ద్వారా, రెండు సర్వర్లూ క్షణక్షణం ఒకదాన్నొకటి పలకరించుకుంటూ ఉంటాయి. ఆ పలకరింపు కాసేపు వినిపించకపోతే అవతలిది పోయిందని భావించాలని ఏంజెలిన్ వాటికి నేర్పింది. ఒకసారి ఇక్కడి సర్వర్ ప్లగ్గు పీకి, మరోసారి అక్కడి సర్వర్ ప్లగ్గు పీకించి పరీక్షించింది. రెండుసార్లూ పని ఆగలేదు. ఆమె సంతోషపడింది, కేంద్రం వాళ్లు స్వీట్లు తెప్పించారు.

రోశమ్మ ఊరి పేరును జోయల్ కంప్యూటర్‌లో కొట్టాడు. నీళ్లు పరీక్షించే రసాయనశాస్త్ర పట్టభద్రుడు అతనే. ఏంజెలిన్ కంటే చిన్నవాడు, అదే కాంపౌండు చర్చిలో పాటలు పాడుతూ పెరిగినవాడు. తెర మీద వచ్చిన అంకె చూసి కుర్చీలోంచి సగం లేచాడు.

“ఇదేందక్కా! సున్నా పాయింట్ తొమ్మిదంటా ఉండాది. మంచి నీళ్లే!”

“నే చెప్పలా?” రోశమ్మ లేచి నిలబడింది. “యాడుండాది పిడి?”

జోయల్ అప్పటికే వెనక గదిలోకి పోయి, తీసి పేర్చిన పిడుల్లోంచి చింతలగుంట చీటీ కట్టి ఉన్న బరువైన ఇనప కడ్డీని ఈడ్చుకొస్తున్నాడు. ఏంజెలిన్ చెయ్యెత్తి ఆపింది. పిడి తీయడానికి పోయిన మనుషులకు బుధవారం ఇచ్చిన కాగితంలో అదే సీసా నంబరుకు నాలుగు పాయింట్ రెండు అని అచ్చయి ఉంది. బుధవారం నాలుగు దాటిన నీళ్లు ఈరోజు ఒకటికి లోపల ఎలా వచ్చాయి?

“గురువారం నాకు ఆ నంబరు సీసా మళ్లీ తగిలింది,” అన్నాడు జోయల్, కడ్డీని నేల మీద ఆనించి. “ఇంతకు ముందే ఫలితం ఉండాది, మార్చాలా అనడిగింది మిషను. మొదటిసారి నేనే తప్పు కొట్టినానేమో అనుకొని మార్చమన్నా.”

“ఒకే నంబరుతో రెండు సీసాలా? ఇప్పుడవి ఏవీ?”

“కడిగేసినా గదా. మళ్లీ వాడాల.”

సీసా మీద నంబరు తప్ప ఊరి పేరు ఉండదు. పరీక్షించే మనిషికి ఏ ఊరి నీళ్లో తెలియకూడదని పెట్టుకున్న నియమం అది, మంచి నియమమే. ఆత్మకూరులో ఇచ్చిన సీసాలు కూడా బస్సులో ఇక్కడికే వచ్చి ఇదే అరలో చేరతాయి. ఏంజెలిన్ ఆత్మకూరు శాఖకు ఫోను చేసింది. అక్కడి గుమాస్తా డేవిడ్‌రాజు వయసులో పెద్దవాడు, నిదానస్తుడు.

“అన్నా, ఈ నంబరు మీరెవరికైనా ఇచ్చినారా?” అని నంబరు చదివింది.

“ఇయ్యకేం! గొల్లకుంటకిచ్చినాం, మన అనంతసాగరం మండలంలోది. ముందటి ఆదివారం వాన గదా, మాకొచ్చింది ఆ ఒక్క సీసానే. ఫలితం బాగుండాదని శుక్రవారం చూసి, రంగు కూడా ఏసొచ్చినాం. ఏం మేడమ్?”

చెప్తానని ఫోను పెట్టేసి, ఏంజెలిన్ సర్వర్ తనంతట తాను రాసుకునే చిట్టాను తెర మీదకు తెచ్చింది. ఆ ఆదివారం ఉదయం ఆరాధనకు కొంచెం ముందు ఆత్మకూరు నుంచి పలకరింపు ఆగిపోయింది. సోమవారం ఆమె పనిలోకి వచ్చిన వేళకు మళ్లీ మొదలైంది. ఆ మధ్యకాలమంతా ఉదయగిరి సర్వర్ ఆత్మకూరు పోయిందని అనుకుంది, ఆత్మకూరు సర్వర్ ఉదయగిరి పోయిందని అనుకుంది. రెండూ బతికే ఉన్నాయి. రెండూ ద్వారం తమ చేతిలోనే ఉందనుకొని, ఆరాధన అయ్యాక వచ్చిన సీసాలకు వరసలో తర్వాతి నంబరును రెండు చోట్లా రెండు ఊళ్లకు ఇచ్చేశాయి. సోమవారం కలుసుకున్న తర్వాత కూడా ఆ నంబరుకు ఇది ఒక ఊరి పేరును, అది మరో ఊరి పేరును పట్టుకొని వదల్లేదు. ఫలితం గడి మాత్రం ఒక్కటే. అందులో ఎవరు చివర రాస్తే అదే మిగిలింది.

రెండు సీసాల్లో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. ఏది ఏ ఊరిదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. రోశమ్మ ఊరి నీళ్లు మంచివైతే గొల్లకుంటలో పిల్లలూ పెద్దలూ ఆకుపచ్చ రంగును నమ్మి చెడ్డనీళ్లు తాగుతున్నట్టు.

జోయల్ ఏంజెలిన్‌ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. “అక్కా, రెండు ఊళ్లకూ పోయి మళ్లీ నీళ్లు తెచ్చి చూసేద్దాం. ఏది తేలితే అది సర్దేద్దాం. ఈ లోపల ఈమెకెందుకు చెప్పడం? బజారంతా చెప్పుకుంటది.”

“ఆమె ఊరి పిడి మన గదిలో ఉండాది జోయల్. ఆమెకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తాం?”

చెప్పింది. మోడెము, సర్వరు అనే మాటలు లేకుండా, రెండు సీసాలకు ఒకే నంబరు పడిందని, అందువల్ల ఏది ఎవరిదో తెలియడం లేదని చెప్పింది. రోశమ్మ శ్రద్ధగా విన్నది.

“అంటే మా నీళ్లు మంచియైనా కావచ్చు, చెడ్డయైనా కావచ్చు?”

“అవునమ్మా.”

“ఈ ముక్క చెప్పేదానికి ఇన్ని మిషన్లా?”

జోయల్‌కు నవ్వు వచ్చింది కాని, ఏంజెలిన్ ముఖం చూసి మింగేశాడు. ఆమె మళ్లీ ఆత్మకూరుకు ఫోను చేసింది. గొల్లకుంటకు పోయి, సీసా నిండా నీళ్లు పట్టి, తర్వాత ఆ పంపు పిడి కూడా తీసి తెమ్మని డేవిడ్‌రాజుకు చెప్పింది.

“రంగేసిన నాలుగు రోజులకే పిడి తీస్తే ఊరోళ్లు నన్ను ఊరకుంటారా?”

“తప్పు మాదని చెప్పు. నా పేరు చెప్పు. తెలియనన్నాళ్లు రెండింటినీ చెడ్డవనే అనుకుందాం అన్నా.”

కేంద్రం జీపు వరికుంటపాడు పోయి ఉంది, మధ్యాహ్నానికి గాని రాదు. అంతవరకు రోశమ్మను మెట్ల మీద కూర్చోబెట్టడం ఏంజెలిన్‌కు మనసొప్పక భోజనానికి ఇంటికి తీసుకుపోయింది. కాంపౌండు చివర ఇల్లు. తల్లి సారా మిషన్ బడిలో టీచరుగా పనిచేసి విరమించింది. రోశమ్మ వసారా అంచున చతికిలబడబోతే లోపలికి రమ్మని గదిమి, తన పక్కనే పీట వేసింది.

కూర వడ్డిస్తూ ఉండగా ఏంజెలిన్ అడిగింది. “ముందటి ఆదివారం దీపాల వంతు ఎవరిదమ్మా?”

“మనదే. నేనే పోయినా. నువ్వప్పుడు పాటల పుస్తకం కోసం ఇల్లు తలకిందులు చేస్తా ఉంటివి.”

దీపాల వంతు ఆ కాంపౌండులో తాతల నాటిది. కిరసనాయిలు దీపాల కాలంలో ఒక ఆదివారం అందరూ ఆరాధనలో ఉండగా, ఆర్పకుండా వదిలేసిన దీపం వల్ల కాగితాల గది అంటుకుందట. అప్పటి నుంచి మొదటి గంట కొట్టగానే, వంతు వచ్చిన ఇంటివాళ్లు ప్రతి భవనమూ తిరిగి మనిషి లేని గదిలో వెలుగు లేకుండా చేసి గాని చర్చిలో అడుగు పెట్టరు. దీపాలు పోయి కరెంటు వచ్చినా వంతు పోలేదు. ఆర్పడం వంతుగలవాళ్ల బాధ్యత. మళ్లీ వెలిగించడం ఎవరి అవసరం వాళ్లది. చిన్నప్పుడు నాయన చెయ్యి పట్టుకొని ఏంజెలిన్ ఎన్ని ఆదివారాలు ఆ తిరుగుడు తిరిగిందో!

“అచ్చుగదిలో ఏం ఆపినావు?” ఒకప్పుడు మిషన్ అచ్చుయంత్రం ఉండిన రాతిగది అది, ఇప్పుడు అందులో సర్వర్ ఉంది.

“నీ పెద్దపెట్టెను ముట్టుకోలా. ముట్టుకోవద్దంటివి గదా. బల్ల మీద చిన్నది ఒకటి, ఎర్రగా మిణుకుమిణుకుమంటా ఉండాది, పురుగు కూడా లేని గదిలో. దాన్నాపినా.”

ఏంజెలిన్ అన్నం కలపడం ఆపింది. “అది దీపం కాదమ్మా. ఈ మిషను బతికుండాదని ఆత్మకూరు మిషనుకు చెప్పేది అదే.”

“దాని మొహాన రాసి పెట్టినావా ఆ మాట?”

“టీచరమ్మ తప్పేం చేసింది?” అంది రోశమ్మ, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. “పనిలేని దీపాన్ని ఆపకుండా ఎవురుంటారు?”

“నీ నీళ్ల సంగతి తేలకుండా పోవడానికి అదే కారణం రోశమ్మా,” అంది ఏంజెలిన్.

రోశమ్మ నమలడం ఆపి సారా వైపు చూసింది. సారా ఒక్క క్షణం గరిటె గాలిలోనే పట్టుకొని, “అట్టయితే నీకింకో గరిటె కూర బాకీ ఉండాను,” అని వడ్డించింది. ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగిన తర్వాత సారా నెమ్మదిగా, “పసిబిడ్డలు తాగే నీళ్లా?” అని అడిగింది. ఏంజెలిన్ కంచం తీసుకొని లేచింది.

చేతులు కడుక్కుంటూ ఏంజెలిన్ ఆలోచించింది. తల్లి స్విచ్చు ఆపింది, అది నిజం. కాని ఆ స్విచ్చు దీపాల స్విచ్చుల వరసలో ఎందుకుంది? అచ్చుగది రాతిగోడకు కొత్త బోర్డు బిగించడం కష్టమని, కరెంటు పోయినా ఆగకుండా పెట్టిన యూపీఎస్ నుంచి మోడెముకు వచ్చే తీగను తలుపు పక్క పాత బోర్డుకే కలిపించింది తను. ఆ బోర్డును ఆదివారాల్లో ఎవరెవరు ముట్టుకుంటారో ఆ కాంపౌండులో పుట్టిన తనకు తెలిసినంతగా మద్రాసు నుంచి వచ్చిన ఏ ఇంజనీరుకూ తెలియదు. తెలిసి కూడా తోచలేదు. ఆమె మోడెమును ఏనాడూ దీపంగా చూడలేదు. సారా దాన్ని దీపంగా తప్ప చూడలేదు. సోమవారం ఏంజెలిన్ ఆ స్విచ్చు ఆపి ఉండడం చూసి, ఎవరి చెయ్యో తగిలిందనుకొని వేసేసింది. ఎవరి చెయ్యి అని అడిగి ఉంటే పిడి తీయడానికి మనుషులు బయల్దేరే వాళ్లు కాదు. వీటన్నిటికంటే ముందు, పలకరింపు వినపడకపోతే అవతలిది చచ్చినట్టేనని యంత్రాలకు నేర్పింది ఎవరు? వెనక్కి నడిచిన కొద్దీ ప్రతి మలుపులోనూ ఆమెకు తానే ఎదురైంది.

జీపు వచ్చింది. వెనక సీట్లో రోశమ్మ పిడిని ఒడిలో అడ్డంగా పెట్టుకొని, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులా అదుముకుంటూ కూర్చుంది. చింతలగుంటలో జీపు ఆగేసరికి ఆడవాళ్లు బిందెలతో పంపు చుట్టూ చేరిపోయారు. పిడి తిరిగి వచ్చిందని తప్ప వాళ్లకేమీ అర్థం కాలేదు. జోయల్ స్పానరుతో బిగించాడు. రోశమ్మే కొట్టింది. పైపులో నిలిచిన నీళ్లన్నీ పోయేదాకా కొట్టించి, ఆ తర్వాత ఏంజెలిన్ రెండు సీసాలు నింపింది. ఈసారి నంబరు లేదు. ఊరి పేరే రాసింది.

జోయల్ మళ్లీ స్పానరు తీయగానే గొడవ మొదలైంది.

“తెచ్చినోళ్లు మళ్లీ తీసకపోతారా? ఏంది ఈ ఆటలు?” అని ఒకామె బిందెను పంపు కింద గట్టిగా పెట్టి దాని మీద చెయ్యి వేసింది.

పిడి విప్పక తప్పదని ఏంజెలిన్ చెప్పింది. అయితే జీపులో వేసుకొని పోలేదు. విప్పించి రోశమ్మ చేతికిచ్చింది.

“ఇది మీ ఇంట్లో పెట్టుకో. నేనొచ్చి చెప్పిందాకా బిగించొద్దు.”

“నువ్వు రాకపోతే?”

“రాకపోతే బిగించొద్దు.”

“ఎన్నాళ్లు చూడాల? నువ్వు చచ్చినావో బతికినావో నాకెట్టా తెలస్తది? మా మునెయ్య దగ్గర స్పానరుండాది, ఒక్క పూట పని.”

“నా నుంచి కబురు లేదంటే నీళ్లు మంచివని కాదు, చెడ్డవనీ కాదు. తెలియలేదని. తెలియనప్పుడు ముట్టుకోవద్దు.”

రోశమ్మ ఆమెను కిందికీ మీదికీ చూసి, “సరేలే పో,” అని పిడిని భుజానికెత్తుకుంది.

తిరుగు ప్రయాణంలో ఏంజెలిన్ ఆ మాటలనే నెమరు వేసుకుంటూ కూర్చుంది. రోశమ్మకు చెప్పిన నియమాన్ని యంత్రాలకు చెప్పి ఉండవలసింది. పలకరింపు వినపడకపోతే అవతలిది పోయిందని కాదు, తెలియలేదని అర్థం. తెలియనప్పుడు కొత్త నంబరు ఇవ్వకూడదు.

“ఆత్మకూరుకు మొదట్నించీ వేరే నంబర్లు ఇచ్చుంటే ఈ గోల ఉండేది కాదు గదక్కా?” అన్నాడు జోయల్.

“ఉండేది కాదు. రెండు ఊళ్లూ ఒకే పెట్టె అనిపించాలని నాకు పట్టుదల,” అంది ఏంజెలిన్. తర్వాత తనే, “ఎవరికి అనిపించాలనో ఇప్పుడు అర్థం కావడంలా,” అంది.

మరునాడు డేవిడ్‌రాజు గొల్లకుంట సీసా, పిడితో బస్సు దిగి, అక్కడ తాను పడిన మాటలన్నీ వరసగా అప్పజెప్పాడు. జోయల్ రెండు ఊళ్ల నీళ్లనూ ఏంజెలిన్ ముందరే పరీక్షించాడు. గొల్లకుంట సున్నా పాయింట్ తొమ్మిది. చింతలగుంట నాలుగు పాయింట్ ఒకటి. రెండో సీసాతో మళ్లీ చూశారు. అంకె మారలేదు.

“అయితే ముందు చేసిందే కరెక్టు,” అన్నాడు జోయల్ ఊపిరి వదిలి. “ఎవరికీ ఏమీ కాలేదక్కా. బతికిపోయినాం.”

ఏంజెలిన్‌కు ఆ ఊరట కలగలేదు. ఎవరికీ హాని జరగలేదన్నది నిజమే. అది వాళ్లు చేసిన ఏర్పాటు వల్ల కాదు; అరలో ఏ సీసా ముందు జోయల్ చేతికి తగిలిందన్న దాని వల్ల. మరోలా తగిలి ఉంటే రోశమ్మ ఊరు ఆకుపచ్చ రంగు చూసుకుంటూ ఈ నీళ్లే తాగుతూ ఉండేది. డేవిడ్‌రాజును గొల్లకుంట పిడితో, ఒక అదనపు మోడెముతో తిరుగు బస్సెక్కించి, ఆమె ఆ మధ్యాహ్నమంతా అచ్చుగదిలోనే పనిచేసింది. మోడెము తీగను పాత బోర్డు నుంచి విడదీసి సర్వర్ వెనక్కి మార్పించింది. ఇక్కడ తాను, ఆత్మకూరులో ఫోను మీద చెప్పి డేవిడ్‌రాజు చేత, రెండో మోడెము తగిలించి, లైను మూగబోతే మామూలు టెలిఫోను మీద అవతలి సర్వర్‌ను పిలిచి చూసేట్టు చేసింది. అప్పటికీ జవాబు రాకపోతే సర్వర్ పాత ఫలితాలు చూపిస్తుంది గాని, మనిషి వచ్చి చెప్పే వరకు కొత్త నంబరు ఇవ్వదు. పని ఆగుతుంది. ఆగడాన్ని తప్పించడానికే ఆమెను పిలిపించారు; ఆగవలసిన చోట ఆగడాన్ని ఇప్పుడు ఆమె తన చేత్తోనే పెట్టింది. ఆ సంగతి దాచకుండా కేంద్రం కార్యదర్శికి జరిగిందంతా చెప్పింది. ఆయన సంతోషించలేదు, కోప్పడనూ లేదు. ఆ ఊరికి నువ్వే పోయి చెప్పు అన్నాడు.

గురువారం ఆమె ఒక్కతే బస్సులో చింతలగుంట పోయింది. దిగిన చోటు నుంచి నడుస్తుంటే పంపు కనిపించింది. పిడి లేదు. రోశమ్మ ఇంటి ముందు వలకు పడిన చిరుగులు అల్లుతూ ఉంది. ఏంజెలిన్ ముఖం చూసి, వలను పక్కన పెట్టింది.

“చెడ్డయేనా?”

“చెడ్డవేనమ్మా. గొల్లకుంటవి మంచివి.”

“నీ మిషను తప్పు చేసిందంటివే.”

“తప్పే చేసింది.”

“తప్పు చేసి నిజం చెప్పిందా?”

“అవును. తెలిసి చెప్పలేదు.”

రోశమ్మ పక్కన పెట్టిన వలను మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. తర్వాత అన్న మాట మెల్లగానే అంది. “ఆ పొద్దు నువ్వేమీ చెప్పకుండా ఉండుంటే నేను రెండు తిట్లు తిట్టి ఇంటికొచ్చుందును. నువ్వు తెలవదంటివి. దాంతో ఊరంతా ఆశపడినారు. వరదయ్యకు మాటకు మాట చెప్పొచ్చినారు, మా పిడి మాకొస్తా ఉండాదని. ఇప్పుడు మళ్లీ ఆయన కాడికే పోవాల, తల దించుకొని. నువ్వెందుకు చెప్పినావు?”

ఏంజెలిన్ ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. “తెలియకుండా మీ నీళ్లు చెడ్డవని చెప్పలేను. మంచివనీ చెప్పలేను,” అంది. “ఆశపెట్టింది నేనే. దానికి నన్ను తిట్టు.”

“తిడితే నీళ్లొస్తాయా?” రోశమ్మ లేచి లోపలికి పోయి పిడిని ఈడ్చుకొచ్చి గడప దగ్గర ఆనించింది. “ఇది తీస్కపో. ఇంట్లో ఉంటే బిగించాలనే ఉంటది. నిన్న మునెయ్య స్పానరు తీసుకొనే వచ్చినాడు. తరిమినా.” ఒక్క అడుగు వేసి ఆగింది. “చెరువు కట్ట కింద రాతిబావి ఒకటుండాది. బోరింగేసినాక దాన్నెవురూ చూడలా. గొడ్లు కడగతారు. దాంట్లో కూడా ఇదే ఉంటదా?”

“చూస్తేగాని తెలియదు. పైనీళ్లలో తక్కువగా ఉండొచ్చు. క్రిములుంటాయి, పూడిక తీసి, మందు వేసి, కాచుకొని తాగాలి.”

“క్రిముల సంగతి తర్వాత. ముందు ఇది చూడు. ఈసారి నేనూ వస్తా. నా కళ్ల ముందర చూడాల.”

ఇద్దరూ కట్ట దిగారు. బావిలో నాచు పేరుకొని ఉంది. రోశమ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపి రాతిమెట్లు దిగి, నాచును చేత్తో జరిపి సీసా ముంచింది. మధ్యాహ్నం బస్సులో పిడిని కాళ్ల దగ్గర, సీసాను ఒళ్లో పెట్టుకొని ఉదయగిరి చేరారు. ఏంజెలిన్ నంబరు అడిగితే, ద్వారం ఆత్మకూరును పలకరించి, జవాబు విన్న తర్వాతే నంబరు ఇచ్చింది. రోశమ్మకు అదేమీ కనిపించదు. ఆమె చూపు సీసా మీద నుంచి కదల్లేదు. జోయల్ మీటరు కడ్డీని నీళ్లలో ముంచాడు. అంకెలు కొంతసేపు పైకీ కిందికీ ఊగి నిలబడ్డాయి.

“ఒకటి పాయింట్ మూడు,” అన్నాడు. “హద్దుకు దగ్గరగా ఉండాదిగాని లోపలే ఉండాది. ఎండాకాలం పెరగొచ్చు. మళ్లీ చూడాల.”

“ఇప్పటికి తాగొచ్చా?”

“పూడిక తీసినాక తాగొచ్చు అవ్వా,” అని నాలిక కరుచుకున్నాడు. “అమ్మా.”

రోశమ్మ ఈసారి ఆ పిలుపును పట్టించుకోలేదు. కుర్చీలో వెనక్కి ఆనుకొని, పల్లెలో పూడిక తీయడానికి పనికొచ్చే మగవాళ్లను మనసులో లెక్కపెట్టుకుంటున్నట్టు పెదవులు కదిపింది. తర్వాత ఏంజెలిన్ వైపు తిరిగింది.

“పూడిక మేం తీసుకుంటాం. మందు నువ్వు తెచ్చి వెయ్యి. గిలక, చేంతాడు మాత్రం మీ కేంద్రమే ఇయ్యాల. ఇనప గిలక. కొయ్యది రెండు వానలకు కుళ్లిపోతది.”

“ఇస్తాం,” అంది ఏంజెలిన్.

“ఎప్పుడు?”

ఏంజెలిన్ జవాబు చెప్పబోయి ఆగింది. తనకు తెలిసింది ఎంతో ఒకసారి చూసుకుంది. “బజారుకు పోయి గిలక ఎప్పుడు దొరుకుతుందో అడిగి వస్తా. నువ్విక్కడే ఉండు. బస్సు వచ్చేలోపల చెప్తా,” అని చెప్పులు వేసుకొని మెట్లు దిగింది.